మెట్టసీమలో మౌన ప్రార్థన
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ పంతులుగారి పేరు ఆహ్వానపత్రికలో లేదు. తన పేరు వేయవద్దని ఆయనే కోరారు, కుటుంబం ఆ మాట నిలబెట్టింది. నేనూ నిలబెడతాను. పగలు పల్లె పిల్లలకు ఓనమాలు దిద్దించి, పొద్దు గూకాక పెద్దలకు ప్రార్థన నడిపిన మనిషి ఆయన. ప్రార్థన అయిపోయాక కూడా ఎవరినీ లేవనిచ్చేవారు కాదట. కాసేపు ఊరికే కూర్చోమనేవారట. ఆ కూర్చోవడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు.

స్పెయిన్ దేశంలో కాస్తీల్ పీఠభూమి మీద ఆవిలా అనే ఊరుంది. సముద్రమట్టానికి 1100 మీటర్లకు పైన, రాతి నేల మీద, చుట్టూ కోటగోడతో ఉంటుంది. వాన తక్కువ. గండికోట చూసినవాళ్లకు ఆ ఊరి బొమ్మ చూస్తే కొత్తగా అనిపించదు. 1515లో తెరెసా అక్కడ పుట్టారు, ఇరవై ఏళ్లకు కార్మెల్ మఠంలో చేరారు. గురువుల ఆజ్ఞ మీద తన జీవితకథ రాసి 1565 నాటికి ముగించారు. తరవాత ఆ రాతప్రతిని మతవిచారణ అధికారులు తెప్పించుకుని తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు. ఒక ఆడమనిషి దేవుడితో తన మాటామంతీ గురించి ఇంత ధైర్యంగా రాయడం వాళ్లకు అనుమానం కలిగించింది. అదే తెరెసాను 1970లో రోమన్ కతోలిక సంఘం తన మహాబోధకుల వరసలో చేర్చింది. ఆ వరసలో చేరిన మొట్టమొదటి స్త్రీ ఆమే.

ఆ పుస్తకం మధ్యలో ఆమె ప్రార్థనను తోటకు నీళ్లు పెట్టడంతో పోల్చారు. నాలుగు రకాలుగా పెట్టవచ్చునన్నారు. బావిలోంచి చేదతో తోడి పోయడం మొదటిది. చక్రానికి పాత్రలు కట్టి తిప్పి తోడడం రెండోది. ఏటినో కాలువనో తోటలోకి మళ్లించడం మూడోది. నాలుగోది వాన. మొదటి దాంట్లో ఒళ్లు హూనమవుతుంది, నీళ్లు మాత్రం కొంచెమే. చివరి దాంట్లో తోటమాలి చేసేదేమీ ఉండదు, దేవుడే తడుపుతాడు.

గోదావరి డెల్టాలో చెబితే ఈ మాట తలకెక్కుతుంది. మన రాయలసీమలో చెబితే భుజాలకు తెలుస్తుంది. ఏడాది మొత్తానికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడనుకునే నేల మనది. కపిల తోలినవాళ్లు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఎద్దులు వాలులోకి దిగుతుంటే మోకు బిగుసుకుంటుంది, తోలుసంచి బావి గట్టుకు వస్తుంది, నీళ్లు భళ్లున కాలువలో పడతాయి. మళ్లీ ఎద్దులను వెనక్కి నడపాలి. కోడికూతతో మొదలుపెట్టి ఎండ నెత్తికెక్కేదాకా తోలినా తడిసేది కాస్తంత చెక్క. తెరెసా చెప్పిన మొదటి నీరు అదే. కొత్తగా ప్రార్థనకు కూర్చున్నవాడి పాట్లు అవే. మనసు ఒకచోట నిలవదు. వాక్యం చదువుతుంటే అప్పు గుర్తొస్తుంది, కళ్లు మూసుకుంటే నిద్రొస్తుంది. ఆ పాట్లను ఆమె తక్కువ చేసి మాట్లాడలేదు. దేవుడు మెచ్చే కష్టం అదేనన్నారు.

మన సంఘాల్లో ప్రార్థన చాలావరకు ఈ మొదటి నీరే. మాటలు, మనవులు, కన్నీళ్లు. తరవాతి నీళ్ల వైపు మనం పెద్దగా నడవలేదు. ఎందుకు నడవలేదో అర్థం కావాలంటే మనవాళ్ల ప్రార్థన ఎక్కడ పుట్టిందో చూడాలి.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్విట్లు కాషాయం కట్టి, శాకాహారులై, కర్ణాటక మిషను పేర ఈ సీమలోకి వచ్చారు. లండన్ మిషను వారు 1822లో కడపలో పని మొదలుపెట్టారు. జమ్మలమడుగులో వాళ్ల ఆసుపత్రిని జనం ఇప్పటికీ క్యాంప్‌బెల్ ఆసుపత్రి అనే పిలుస్తారు. 1850లలో ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషనరీలు ముత్యాలపాడు కేంద్రంగా పనిచేశారు, తరవాత నంద్యాల వారికి పెద్ద నెలవైంది. 1870లలో అమెరికన్ బాప్టిస్టులు కర్నూలుకు వచ్చారు. కోల్స్ పేరుమీద వాళ్లు పెట్టిన హైస్కూలు తెలియనివారు ఆ ఊళ్లో లేరు. కతోలికులకు 1967లో కర్నూలు, 1976లో కడప మేత్రాసనాలు ఏర్పడ్డాయి. 2022లో కార్డినల్ అయిన పూల ఆంథోనీగారు అప్పటి కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టినవారు. దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటి మనిషి ఆయన.

తేదీలు చెప్పుకున్నంత తేలిక కాదు ఆ చరిత్ర. దాని నడుమ 1876-78 నాటి కరువుంది. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. ఆ రోజుల్లో మాల, మాదిగ పల్లెల నుంచి జనం గుంపులు గుంపులుగా మిషన్ల దగ్గరకు వచ్చారు. గంజి కోసం వచ్చారని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఆకలితో ఉన్నవాడు గంజి దొరికే చోటికి రావడంలో తప్పేమిటో నాకు తెలియదు. కానీ గంజి అయిపోయాక కూడా వాళ్లు ఉండిపోయారు. వాళ్లను పట్టి నిలిపినవాటిలో ఒకటి ప్రార్థన అని నా నమ్మకం. రచ్చబండ దగ్గర నిలబడి నోరు విప్పే హక్కు లేని మనిషి, రాత్రి గుడిసెలో బుడ్డిదీపం ముందు కూర్చుని సృష్టికర్తను 'నాయనా' అని పిలిచాడు. తాను పిలిస్తే పలికేవాడు ఒకడున్నాడని అతనికి ఎవరూ అంతకుముందు చెప్పలేదు.

అందుకే పల్లె ప్రార్థన బిగ్గరగా ఉంటుందని పట్నం క్రైస్తవులు విసుక్కుంటే నాకు బాధేస్తుంది. ఆ గొంతు వెనక ఎన్ని తరాలు నోరు మూసుకుని బతికాయో వాళ్లు తలచుకోవాలి. మౌనం గురించి మాట్లాడే ఎవరైనా ఈ నేలమీద ముందు ఈ సంగతి ఒప్పుకుని తీరాలి. పెత్తందారు 'నోర్ముయ్' అన్నప్పుడు వచ్చిన మౌనానికీ, తన మనవి విన్నవాడి ముందు మనిషి తనంతట తాను సద్దుమణగడానికీ పోలిక లేదు. మొదటిది పోగొట్టడానికే సువార్త వచ్చింది. రెండోది నేర్చుకోవాలంటే ముందు తన మాట ఎవరో విన్నారన్న నిబ్బరం మనిషికి కలగాలి. నాలుగైదు తరాలుగా దేవుడు మన మాట వింటూనే ఉన్నాడని మనం సాక్ష్యం చెబుతున్నాం. ఇప్పుడు ఆయన మాట వినడానికి కూర్చునే పాటి చనువు మనకు రాలేదా?

సమూయేలు మొదటి గ్రంథంలో దేవుడు మన మాట వినడమూ, మనం ఆయన మాట వినడమూ పక్కపక్కనే ఉన్నాయి. అది ప్రమాదవశాత్తు జరిగిందని నేననుకోను. షిలోహు మందిరంలో హన్నా ఏడుస్తూ ప్రార్థిస్తుంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడడం లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకుని గద్దిస్తాడు. మందిరంలో పెద్దరికం చేసే మనిషికి ఒక ఆడకూతురి నిశ్శబ్ద ప్రార్థన తాగుడులా కనబడింది. రెండు అధ్యాయాల తరవాత ఆ హన్నా కొడుకే అదే మందిరంలో పడుకుని ఉండగా రాత్రివేళ ఎవరో పిలుస్తారు. పిల్లవాడు మూడుసార్లు లేచి ఏలీ దగ్గరకే పరుగెత్తుతాడు. దేవుని స్వరానికీ గురువు గొంతుకూ తేడా వాడికి తెలియలేదు. మూడోసారికి ఏలీకి సంగతి అర్థమై, ఈసారి ఏమని జవాబివ్వాలో నేర్పుతాడు. తల్లి మౌనాన్ని తప్పుగా అర్థం చేసుకున్న మనిషే కొడుక్కి వినడం నేర్పవలసి వచ్చింది.

ఆ రాత్రి దేవుడు సమూయేలుతో చెప్పింది ఏమిటన్నది ఆదివారపు బడిలో మనం సాధారణంగా దాటేస్తాం. ఏలీ కొడుకుల దుర్మార్గం గురించి, ఆ ఇంటి మీదికి రాబోయే తీర్పు గురించి చెప్పాడు. తనను పెంచిన మనిషికే పిల్లవాడు తెల్లారి ఆ మాట చెప్పవలసి వచ్చింది. మనం మౌన ప్రార్థన అనగానే మనశ్శాంతి, హాయి, ఒత్తిడి తగ్గడం అంటున్నాం. పట్నాల్లో ఇప్పుడు దానికి గిరాకీ ఉంది. బైబిలులో చెవి ఒగ్గినవాళ్లకు హాయి దక్కిన సందర్భాల కన్నా బరువైన పని నెత్తిన పడిన సందర్భాలే ఎక్కువ. హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్తకు పెనుగాలి, భూకంపం, మంట దాటాక సన్నని నెమ్మదైన స్వరం వినిపించింది. ఆ స్వరం అతన్ని ఓదార్చి అక్కడే కూర్చోబెట్టలేదు. నీకిక్కడేం పని అని అడిగి, వచ్చిన దారినే వెనక్కి పంపింది.

కనిపెట్టుకుని కూర్చోవడం మనకు పరాయి దేశం నుంచి వచ్చిన అలవాటు కాదని చెప్పడానికి ముంగమూరి దేవదాసుగారు చాలు. అందరూ దేవదాసు అయ్యగారంటారు. గోదావరి సీమ మనిషి, రాజమండ్రిలో లూథరన్ల లూథర్‌గిరిలో బోధకుడు. 1938లో బైబిలు మిషను ఆయన ద్వారా మొదలైంది. ఆ పేరు గాలిలో బంగారు అక్షరాలతో కనబడిందని ఆ సంఘస్థులు చెబుతారు. గుంటూరు దగ్గర కాకానిలో 1960లో ఆయన కన్నుమూశారు. ఆయన నేర్పిన సన్నిధి కూటాల్లో జనం పాపాలు ఒప్పుకుని, స్తుతించి, ఆ తరవాత మాటలు ఆపి దేవుని సన్నిధిలో కనిపెడుతూ కూర్చుంటారు. సందేహం వస్తే దేవుణ్ణే అడిగి తెలుసుకోమని ఆయన బోధ. రైతుకూలీ అయినా, ఇల్లాలయినా, చదువురాని ముసలవ్వ అయినా నేరుగా అడగవచ్చు, ఎదురుచూడవచ్చు. ఆ కూటాల్లో వచ్చే దర్శనాల విషయంలో అందరూ ఒక్కమాట మీద లేరు, నాకూ కొన్ని చోట్ల సందేహాలున్నాయి. అయినా తెలుగు నేలమీద, తెలుగు మనిషి, తెలుగులో మామూలు జనానికి దేవుని ముందు మౌనంగా కూర్చోవడం నేర్పిన పద్ధతి అది. మన ప్రధాన సంఘాలు దాన్ని అంచున పెట్టి మరచిపోవడం మనకే నష్టం.

పంజాబు నుంచి వచ్చి 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన భక్తసింగ్‌గారి పేరు కూడా ఇక్కడ చెప్పాలి. చిన్న నిర్ణయమైనా గంటల తరబడి మోకాళ్ల మీద ఉండి గానీ తీసుకునేవారు కారని ఆయన దగ్గర పనిచేసినవారు చెప్పుకుంటారు.

మన పల్లెల్లో ఇంకొక సంపద ఉంది. దాన్ని మనం సంపదగా ఎంచలేదు. మొదటి తరం క్రైస్తవుల్లో చాలామందికి చదువు రాదు. ఉపదేశి ఒక వచనం చదివితే వాళ్లు పలికేవాళ్లు. మళ్లీ చదివితే మళ్లీ పలికేవాళ్లు. అలా నోటికి వచ్చేదాకా సాగేది. మర్నాడు కలుపు తీస్తూ, వేరుసెనక్కాయ కొడుతూ అదే వచనాన్ని మనసులో తిప్పుకునేవాళ్లు. ఐరోపా మఠాల్లో బెనడిక్టు కాలం నుంచి, అంటే ఆరో శతాబ్దం నుంచి, సన్యాసులు చేసింది ఇదే. కొంచెం చదవడం, దాన్నే నెమరు వేయడం, దాని మీద ప్రార్థించడం, ఆ మీదట ఊరుకోవడం. పన్నెండో శతాబ్దంలో గీగో అనే కార్తూసియన్ సన్యాసి దీన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా రాశాడు. మన అవ్వలు నిచ్చెన పేరు వినకుండానే మూడు మెట్లు ఎక్కారు. బైబిలు స్త్రీలని పిలిచే ఆనాటి సువార్తికురాళ్లు ఇంటింటికీ తిరిగి ఆ మెట్లు ఎక్కించారు. ఇప్పుడు మనవళ్ల ఫోనులో బైబిలు మొత్తం ఉంది. అవ్వకు ముప్పై కీర్తనలు నోటికి వస్తే, మనవడికి ఒక్కటి రావడం కష్టంగా ఉంది. అవ్వ దగ్గర ఉన్నది వాడికి ఇంకా అందించవచ్చు, ఆమె ఉన్నన్నాళ్లూ.

ఇక కూర్చోవడం ఎలాగంటారా? ఇందులో దాచిన రహస్యమేమీ లేదు. వీలైతే రోజూ ఒకే వేళ, ఒకే చోట కూర్చోండి. మన ఇళ్లల్లో ప్రత్యేకంగా గది ఉండదు. మిద్దె మీద మూల చాలు, వాకిట్లో వేపచెట్టు కింద అరుగైనా చాలు. ఫోను ఇంట్లో వదిలేయండి. మోకరించలేనివాళ్లు కుర్చీలో కూర్చోవచ్చు. ముందు మనసులో ఉన్నదంతా చెప్పేయండి. మనవి దాచుకుని మౌనంగా కూర్చుంటే ఆ మనవే లోపల గోల చేస్తుంది. తరవాత సువార్తలోంచి చిన్న భాగం, నాలుగైదు వచనాలు, నెమ్మదిగా, గొంతు పైకి వచ్చేలా చదవండి. ఏ మాట తగిలితే అక్కడ ఆగండి. మిగతాది చదవకపోయినా నష్టం లేదు. ఆ మాటతో కాసేపు ఉండి, ఇక అడగడం మానేయండి.

మనసు పరుగెత్తుతుంది. అందరికీ పరుగెత్తుతుంది. ఐదో శతాబ్దం మొదట్లో కాసియాన్ ఐగుప్తు ఎడారి సన్యాసుల దగ్గర నేర్చుకున్నదాన్ని రాస్తూ, దేవుడు త్వరపడి సహాయానికి రావాలని వేడుకునే 70వ కీర్తన మొదటి వచనాన్నే వాళ్లు పగలూ రాత్రీ లోలోపల తిప్పుకునేవారని చెప్పాడు. తూర్పు సంఘాల్లో యేసు నామాన్ని ఊపిరితో కలిపి పలుకుతారు. మన పల్లెల్లో పెద్దవాళ్లు లేస్తూ, కూర్చుంటూ, బస్సెక్కుతూ 'యేసయ్యా' అంటారు. ఆ ఒక్క పిలుపే చాలు, చెదిరిన మనసు దాన్ని పట్టుకుని వెనక్కి వస్తుంది. చెదిరినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. అదొక కొత్త చెదురు. పారిస్‌లో కార్మెల్ మఠపు వంటింట్లో పనిచేసిన సహోదర లారెన్స్ గిన్నెల చప్పుడు మధ్యనే దేవుని సన్నిధిని అభ్యసించాడు. ఇంటి పని, పొలం పని రెండూ మోస్తున్న తల్లులకు ఆయనే సరైన తోడు.

మన ఇరుగుపొరుగు నుంచి నేర్చుకోవడానికీ మనం సిగ్గుపడనక్కర్లేదు. పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లె దగ్గర గుహలో కూర్చుని కాలజ్ఞానం చెప్పారని ఈ సీమ నమ్ముతుంది. కడప పెద్ద దర్గాలో భగవన్నామాన్ని స్మరించే సూఫీల పరంపర ఉంది. వాళ్ల నమ్మకం వేరు, మన నమ్మకం వేరు. నేను రెండూ కలిపేయడం లేదు. మాటలకు ముందు, మాటల వెనక ఒకటుందని ఈ నేలమీది భక్తులందరికీ తెలుసునని మాత్రం అంటున్నాను.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. దేవుడు మాట్లాడాడని మనకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. 'దేవుడు నాకు చెప్పాడు' అన్న ఒక్క మాటతో పెళ్లిళ్లు కుదిర్చినవారున్నారు, చెడగొట్టినవారున్నారు. మందులు మాన్పించి మనుషుల ప్రాణాల మీదికి తెచ్చినవారున్నారు. సంఘం ఆస్తి మీద హక్కు చెప్పడానికీ ఆ మాటే వాడారు. అలా గాయపడ్డ కుటుంబాలు ఈ సభలో కూడా ఉండవచ్చు. వాళ్లకు మౌన ప్రార్థన అన్నా భయమే. ఆ భయానికి కారణం ఉంది.

ఈ చిక్కుకు దారి చూపినవాడు ఒకడున్నాడు. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఇగ్నేషియస్ అనే యోధుడు లొయోలాలో మంచాన పడ్డాడు. పొద్దుపోక రెండు రకాల ఊహల్లో మునిగేవాడు. రాచదర్బారు, వీరగాథలు, ఒక గొప్పింటి స్త్రీ మెప్పు ఒక రకం. ఇంట్లో దొరికిన పుస్తకాల్లోని క్రీస్తు జీవితం, పునీతుల బతుకులు రెండో రకం. రెండూ ఆ కాసేపు బాగానే ఉండేవి. మొదటిది అయిపోయాక మనసు పొడిగా, వెలితిగా మిగిలేది. రెండోది అయిపోయాక కూడా సంతోషం నిలిచేది. ఒకనాడు ఆ తేడా అతని కంటబడింది. ఆత్మలను వివేచించే అతని పద్ధతంతా ఆ మంచం మీద పుట్టింది. మౌనంలో చెవికి శబ్దంగా ఏదో వినబడాలని అతను ఎవరికీ చెప్పలేదు. ఒక ఆలోచన వెళ్లిపోయాక నా లోపల ఏం మిగిల్చి వెళ్లింది, నన్ను ఎవరి వైపు నడిపింది అని రోజూ చూసుకోమన్నాడు.

నేను దానికి మూడు మాటలు కలుపుతాను. క్రీస్తు నడతకు అడ్డం పడేది ఏదైనా ఆయన మాట కాదు. వైద్యుణ్ణి మానమని, భార్యను కొట్టమని, పక్క కులాన్ని చిన్నచూపు చూడమని ఏ స్వరమూ మోకాళ్ల మీద వినబడదు. వినబడితే అది మన లోపలి గొంతే. రెండో సంగతి, తాను విన్నదాన్ని ఇద్దరు ముగ్గురు నమ్మకస్తుల ముందు పెట్టడానికి జంకేవాడు ఇంకా వినలేదు. సమూయేలంతటివాడికి ఏలీ కావలసి వచ్చాడు. మూడోది, నిజంగా విన్న మాట ఎక్కువసార్లు మనకు లాభం తెచ్చేది కాదు. అప్పు తీర్చెయ్, తమ్ముడితో మాట్లాడు, ఆ కూలీ డబ్బు ఇవాళే ఇచ్చెయ్ అంటుంది. ఇంత మామూలుగా ఉంటుంది గనకే మనం దాన్ని దేవుని మాట అనుకోము.

సంఘాల మధ్య కూడా ఈ వినడం లోపించింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు కడప వైపు లండన్ మిషను సంఘాలు అందులో కలిశాయి. నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది మాత్రం 1975 దాకా బయటే ఉండిపోయారు. బిషప్పుల పరంపర గురించి, అభిషేకాల గురించి వాళ్లకున్న సందేహాలు నిజాయితీగలవే. అన్ని సంవత్సరాలూ రెండు పక్షాలూ చాలా మాట్లాడాయి. కలిసి ఊరికే ఒకచోట కూర్చుని ఉంటే ఏమయ్యేదోనని నాకు ఆశ పుడుతుంది.

ఇక ఎండు బావి సంగతి. మౌనంగా కూర్చున్నవాళ్లు ఎవరూ తప్పించుకోలేనిది ఇది. నెలలు గడుస్తాయి, ఏమీ వినబడదు. వాక్యం చప్పగా ఉంటుంది. దేవుడు ఉన్నాడా అన్న అనుమానం కూడా వస్తుంది. తెరెసాకు దాదాపు పద్దెనిమిదేళ్లు అలాగే గడిచాయి. పుస్తకం చేతిలో లేకుండా ప్రార్థనకు కూర్చోవడానికి ఆమె భయపడేవారు. గంట ఎప్పుడు కొడతారా అని చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్నని ఆమే రాశారు. మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు, ఆమె దశాబ్దాలపాటు లోపల చీకటితోనే పనిచేశారని లోకానికి తెలిసింది. ఆవిలా తెరెసా ఎండు బావి గురించి చెప్పిన సంగతి రాయలసీమ సంఘాలన్నీ తెలుసుకోవాలి. తోడబోతే బావిలో నీళ్లు లేవు. అయినా తోటమాలి వచ్చి చేద వేయడం మానకూడదు. తన వంతు చేసేస్తే, నీళ్లు లేకుండానే ఆ మొక్కలను బతికించడం దేవుడికి చేతనవునని ఆమె నమ్మకం.

1369 నాటి పోరుమామిళ్ల శాసనం కూడా ఆ మాట పక్కనే పెట్టి చదవాలనిపిస్తుంది నాకు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు గురించిన శాసనం అది. వేయిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు ఉండవలసిన పన్నెండు హంగులూ, ఉండకూడని ఆరు దోషాలూ ఆ రాతి మీద చెక్కారు. కట్టలోంచి నీరు కారిపోవడం ఒక దోషం. చౌడునేల ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువుండడం ఒకటి. వాన తెప్పించే ఉపాయం ఆ శాసనంలో లేదు. కట్టించినవాళ్లకు అది తమ చేతిలో లేదని తెలుసు. పడినప్పుడు నిలవడానికి కావలసినదంతా ముందే సిద్ధం చేశారు. మన ప్రార్థన జీవితంలో కారిపోయే కట్టలెక్కడున్నాయో, ఇద్దరు యజమానుల సరిహద్దు మీద మనం ఎక్కడ కూర్చున్నామో ఎవరికి వారు చూసుకోవచ్చు.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. కర్నూలు-కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీ 1860లలో తవ్వడం మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి మూడువందల కిలోమీటర్లు నీళ్లు పారించారు. మొదట్లో దారి పొడవునా నల్లరేగడి రైతులు ఆ నీళ్లు తీసుకోవడానికి పెద్దగా ముందుకు రాలేదు. కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. గట్టు పక్కనే పారుతున్న నీటిని జనం తీసుకోలేదు. వాళ్లకు కారణాలున్నాయి. రేగడి నేల తేమ పట్టి ఉంచుతుంది, నీటి పన్ను భారం, కొత్త అలవాటంటే జంకు. మౌనం విషయంలో మన సంఘాలకూ కారణాలున్నాయి. పాటలు బాగున్నాయి, ప్రసంగం బాగుంది, మైకు బాగా పనిచేస్తోంది.

అందుకని నేను రెండే అడుగుతాను. మొదటిది, ఈ శ్రమల దినాల్లో, కతోలికులు తపస్సు కాలమనే ఆ నలభై రోజుల్లో, ప్రతి ఆదివారం ప్రసంగం అయ్యాక మైకు కట్టేసి, వాద్యాలు ఆపి, సంఘమంతా ఐదు నిమిషాలు కూర్చోండి. పసిపిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. రెండోది సంఘకాపరులకు. వారానికి ఒక సాయంత్రం మీ సంఘంలోని ఒక ఇంటికి వెళ్లండి. బోరు ఎండిన ఇల్లు, కొడుకు బెంగుళూరుకో గల్ఫుకో వలసపోయిన ఇల్లు, లేదా సంఘానికి రావడం మానేసిన ఇల్లు. వెళ్లి, ప్రసంగం చేయకుండా, సలహా ఇవ్వకుండా, వాళ్లు చెప్పేది అయిపోయేదాకా వినండి. లేచేముందు వాళ్లను అడగండి, మా కోసం మీరు ప్రార్థన చేస్తారా అని.